జీవం తీసిన ఘోడి

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతితో మొదలుపెడతాను. నేను చెక్కిన మొదటి ఘోడి చెక్కది కాదు, ఒంటి సబ్బుది.

అశోక్‌నగర్‌లో మా ఇంటి స్నానాలగదిలో గడియ పెట్టుకుని, బకెట్‌లోకి నీళ్ళు వదిలి, పెన్సిల్ చెక్కే చాకుతో చెక్కాను. రెండు కాళ్ళు, మధ్యలో ఒక బెజ్జం, పైన వంపు. అయిపోయాక తిప్పి తిప్పి చూసుకుని, నీళ్ళ కింద పెట్టి అరగదీసేసేదాన్ని. ఇలా చాలాకాలం సాగింది. సబ్బులు నాసిరకానివి ఇస్తున్నాడని అమ్మ కిరాణా షాపతనితో గొడవ పెట్టుకునేది. అతను పాపం రకాలు మార్చి మార్చి ఇచ్చాడు. కొన్నాళ్ళు అనుమానం తమ్ముడి మీదికి పోయింది. వాడు పండగనాడు కూడా నాలుగు చెంబులతో సరిపెట్టే మనిషి.

సబ్బు నాకు చాలా నేర్పింది. చాకు మొద్దుగా ఉంటే సబ్బు పెళ్ళలుగా రాలుతుంది, పదునుగా ఉంటే పొరగా లేస్తుంది. తొందరపడితే కాలు విరుగుతుంది. చెక్క కూడా ఇంతే, కాకపోతే దాని వెల ఎక్కువ, విరిగినప్పుడు చప్పుడు ఎక్కువ.

తీగల వాయిద్యం మీద తీగలను ఎత్తి పట్టుకునే చిన్న చెక్కను మా దుకాణంలో ఘోడి అనేవాళ్ళం. వీణ వాయించేవాళ్ళలో కొందరు గుర్రం అంటారు. ఇంగ్లిషు పుస్తకాలు చూసి నేర్చుకున్నవాళ్ళు బ్రిడ్జి అంటారు. తీగ కదలికను కింద ఉన్న బోలు పెట్టెకు అందించేది అదే. అది సరిగ్గా లేకపోతే ఎంత మంచి వాయిద్యమైనా మూగదే. 2009 నుంచి 2014 దాకా చిక్కడపల్లిలో ఒక చిన్న దుకాణంలో నా పని ఎక్కువగా ఘోడీలు చెక్కడమే.

ఇరవై ఆరేళ్ళకు రిటైరయ్యానంటే నవ్వుతారు. కానీ ఆ దుకాణం ఇప్పుడు లేదు, నేను ఆ పని మళ్ళీ చెయ్యను, కాబట్టి ఆ మాట తప్పేమీ కాదు. ఈమధ్య రాంనగర్ నుంచి ఒకమ్మాయి వచ్చి, ఈ పని నేర్చుకోవాలనుంది, ఎలా ఉంటుందక్కా అని అడిగింది. మనిషి ఎదురుగా కూర్చుంటే నాకు మాటలు పెగలవు. టీ ఇచ్చి పంపేశాను. ఆమెకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

*దుకాణంలోకి*

మా వీధిలో ప్రతి రెండో మేడ మీద ఒక కోచింగ్ సెంటరో హాస్టలో ఉండేది. ఊళ్ళ నుంచి పిల్లలు వచ్చి ఇరుకు గదుల్లో పడుకుని గ్రూప్స్‌కు చదువుతుంటే, గడప ముందున్నదాన్ని మనం వాడుకోకపోవడం నేరమన్నట్టు మాట్లాడేవారు నాన్న. చేరాను. క్లాసు అయ్యాక చిక్కడపల్లి గ్రంథాలయానికి పోయి, జనరల్ స్టడీస్ పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదివేదాన్ని. తిరిగి వచ్చే సందులో ఒక షట్టరు గది. లోపల గోడకు తంబురలు, వీణలు. కింద చాప మీద తెల్లని గడ్డంతో ఒకాయన రందా పడుతూ ఉండేవారు. చెక్క పొరలు రిబ్బన్లలా చుట్టుకుని ఆయన మోకాళ్ళ దగ్గర పడేవి. రోజూ అక్కడ కాసేపు ఆగేదాన్ని.

ఒకరోజు ఆయన తల ఎత్తకుండానే అన్నారు.

"రోజు నిలవడి సూస్తున్నవ్. ఏమన్న కొంటవా, అమ్ముతవా?"

"ఊరికే చూస్తున్నానండి."

"సూస్తె లోపల గూసొని సూడు. వెలుతురుకు అడ్డం నిలవడ్డవ్."

నా ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంతే జరిగింది. ఆయన పేరు వీరాచారి. పాలమూరు వైపు ఊరు. నేను సార్ అనేదాన్ని, ఆయన బిడ్డా అనేవారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది, సంగీతం దగ్గర కూర్చుంటున్నామనే భ్రమ పెట్టుకోవద్దు. కూర్చునేది ఇసుకరాయి దగ్గర. మొదటి కొన్ని నెలలు నేను చాకులకూ ఉలులకూ పదును పెట్టడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఇంట్లో గడియ పెట్టుకుని సబ్బు చెక్కింది అప్పుడే. ఆ తర్వాత కూడా సగం రోజు అదే. పదును పెట్టడం అసలు పని, చెక్కడం దాని మధ్యలో వచ్చేది. వేళ్ళ సందుల్లో నల్లటి మురికి పడుతుంది, పోదు. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు చేతులు కొంగు కింద పెట్టుకునేదాన్ని.

సార్ ఏదీ వివరించేవారు కాదు. చేసి చూపించేవారు, అదీ ఒక్కసారి. తప్పు చేస్తే "శాన మంచిగ జేసినవ్, పొయ్యిల వెట్టనీకి సరిపోతది" అనేవారు. ఆయనలో నాకు నచ్చనిది వేరే ఉంది. వాయిద్యం తెచ్చినవాళ్ళు ఏం కావాలో చెబుతుంటే సగం విని తల ఊపేవారు. మిగతా సగం తనకు తెలుసనుకునేవారు. నూటికి తొంభై పాళ్ళు నిజంగానే తెలిసేది. అందుకే ఆ అలవాటు ముదిరిపోయింది.

ఆ ఏళ్ళలో బంద్‌లు ఎక్కువ. బంద్ రోజున షట్టరు సగం దించి, కింది నుంచి వచ్చే వెలుతురులో పనిచేసేవాళ్ళం. గిరాకీ ఉండదు, ఫోను మోగదు, నేను ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ రోజుల్లోనే.

*జీవం*

తంబుర ఘోడి గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

తంబురకు ఘోడి పైభాగం వెడల్పుగా ఉంటుంది, ఒక పక్కకు కంటికి కనబడనంత వాలు ఉంటుంది. తీగ ఆ వాలును తాకీ తాకనట్టు తాకుతూ కదులుతుంది. తీగ కింద సన్నని నూలు దారం ఒకటి పెడతారు. ఆ దారాన్ని కొంచెం ముందుకో వెనక్కో జరుపుతూ పోతే ఒకచోట తీగ తుమ్మెదలా ఝుమ్మని విచ్చుకుంటుంది. దాన్నే మా దుకాణంలో జీవం అనేవాళ్ళం. పాతబస్తీ నుంచి వచ్చే ఉస్తాదులు జవారీ అనేవారు. దారం ఇంకొంచెం జరిగితే ఆ ఝుంకారం పోయి, తీగ టక్కుమని పొడిగా మోగి ఊరుకుంటుంది. సార్ దాన్ని పీనుగ అనేవారు.

ఆ వాలును గీకడంలో సార్‌కు పేరు. ఆయన గాజుముక్కతో గీకేవారు. ఒకసారి గీకి, తీగ మీటి, కళ్ళు మూసుకుని, మళ్ళీ గీకేవారు. కచేరీలు చేసే పెద్ద పెద్దవాళ్ళు మా చాప మీద కూర్చుని ఎదురుచూసేవారు. దారం ఎక్కడ పెట్టాలో నాకు నేర్పడానికి ఆయన ముందు ఎక్కడ పెట్టకూడదో చూపించారు. పీనుగ మోత ఎలా ఉంటుందో వినిపించి, "గీడికి రావొద్దు" అనేవారు.

*బాస్ వచ్చిన రోజు*

2013లో, చలి మొదలయ్యాక ఒక ఉదయం, సందులోకి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనుక దుప్పటి కప్పి, తాళ్ళతో కట్టి, మనిషి కంటే పొడవున్నది ఏదో ఉంది. పక్క కొట్టు టైలర్ మిషన్ ఆపి తొంగిచూశాడు.

"ఎవలు వోయిండ్రన్నా?"

ఆటో దిగిన పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని చెప్పాడు. "ఇంక పోలే భాయ్. అందుకే ఈడికి తెచ్చిన."

ఆయన బెంజమిన్ గారు. ప్రెస్సులో కంపోజింగ్ చేసి రిటైరయ్యారు, రాంనగర్‌లో ఉంటారు. దుప్పటి కింద ఉన్నది డబుల్ బాస్. వయొలిన్‌ను మనిషెత్తు చేస్తే అలా ఉంటుంది. నిలబడి, భుజానికి ఆనించుకుని, లావాటి నాలుగు తీగల మీద కమాను లాగి వాయిస్తారు. నారాయణగూడలో ఒక చర్చి పాటల బృందంలో ఆయన వయసులో ఉన్నప్పటి నుంచీ దాన్ని వాయిస్తున్నారు. ఏళ్ళ తరబడి ముందుకు వంగుతూ వచ్చిన ఘోడి, ప్రాక్టీసు మధ్యలో రెండు ముక్కలైంది.

"పటాకి పేలినట్టయింది. పిల్లలు బెంచీల కింద దూరిండ్రు" అన్నారాయన, ముక్కలు రుమాలులోంచి తీస్తూ.

సార్ ముక్కలు అందుకుని, "ఎప్పటికి గావాలె?" అన్నారు.

"క్రిస్మస్ ముందు ఆదివారం దాంక టైమిచ్చిండ్రన్నా. కీబోర్డ్ కొన్నరు గద. దాంట్ల బటన్ నొక్కితె బాస్ వస్తదంట. గా ఆదివారం పాటలకు ఇది నిలవడకపోతె, దీన్ని స్టోర్ రూంల వెట్టి నన్ను బెంచీ మీద గూసోమన్నరు."

"గూసొని పాడు. ఏం పాయె?"

"నా గొంతు ఇన్నవా అన్నా? దేవుడు గుడ అటు పక్క తిరుగుతడు."

సార్ నవ్వారు. బెంజమిన్ గారు నవ్వలేదు. ఆయన బాస్ మెడ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు, బస్సులో పడుకున్న పిల్లవాడి తల పట్టుకున్నట్టు.

చెక్క ఆయనే తెచ్చారు. మేపుల్ అంటారు, తెల్లగా, ఆకు ఈనెల్లాంటి మచ్చలతో ఉంటుంది. కలకత్తాలో ఉన్న బంధువు చేత తెప్పించారు. ఒక్కటే ముక్క. అది పాడైతే ఇంకొకటి వచ్చేసరికి క్రిస్మస్ దాటిపోతుంది. చెక్కలో తీసింది మళ్ళీ అతకదు కాబట్టి, ఆ ఒక్క ముక్క మీదే ఆయన బృందంలో నిలబడతారా బెంచీ మీద కూర్చుంటారా అన్నది ఆధారపడి ఉంది.

*కాళ్ళు*

నడుం వంచి చేసే పని సార్ నాకు వదిలేసేవారు. బాస్‌ను పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముందు ఘోడి కాళ్ళు నేను మొదలుపెట్టాను. అదృష్టం కొద్దీ, ఘోడి బరువు మోయడానికి బాస్ లోపల నిలబెట్టే కర్ర పడిపోలేదు.

బాస్ పొట్ట చదునుగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. ఘోడి కాలి అడుగు ఆ వంపుకు చర్మంలా అతుక్కోవాలి. కంటితో చూసి అతుక్కుందనుకోకండి, కన్ను మోసం చేస్తుంది. నేను కార్బన్ పేపరు సిరా వైపు పైకి ఉండేలా పొట్ట మీద పరిచి, దాని మీద ఘోడి పెట్టి కొంచెం కదిపేదాన్ని. కాలికి ఎక్కడ నీలం అంటిందో అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. ఆ నీలాన్ని మాత్రమే చాకుతో పొరగా తీసి, మళ్ళీ పెట్టి చూడాలి. మొదట్లో మచ్చ మినపగింజంత ఉంటుంది. అలా తీస్తూ తీస్తూ పోతే చివరికి అడుగంతా నీలమవుతుంది. విసుగు పుట్టే పని. విసుగు పుట్టిన చోట ఆపేసి టీకి వెళ్ళండి. విసుగులో తీసిన పొర ఎప్పుడూ లావుగా వస్తుంది.

తర్వాత రందాతో మందం తగ్గించాను. సన్న రంపంతో మధ్యలో బెజ్జాలు కోసి, గుండ్రటి ఆకురాయితో అంచులు నున్న చేశాను. బెంజమిన్ గారు రోజూ సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేవారు. పొట్లం విప్పి, చెక్కపొడి పడకుండా పేపరు కప్పి, నా వైపు జరిపేవారు. ఆయనా మాటకారి కాదు. అక్షరాలు ఏరి పేర్చే పని చేసిన మనిషికి నేను పొరలు తీస్తుంటే చూడటం బాగుండేదేమో.

"నువ్వు తక్కువ మాట్లాడ్తవు బేటా" అన్నారొకరోజు.

"అలవాటు లేదంకుల్."

"మంచిదే. బాస్ గుడ గంతే. పాటల ఎవలికి ఇనవడది, ఆపినంక అందరు ఎనకకు సూస్తరు."

పైభాగం మాత్రం సార్ తనే తీసుకున్నారు. తీగలు ఆనే చోటు కదా, అది ఉస్తాద్ పని. పాత ముక్కలో పై అంచు సన్నగా ఉంది. అది నేను చూశాను, అరిగి అలా అయిందేమో అనుకున్నాను. సార్ కూడా అలాగే అనుకున్నారు.

"అరిగి అరిగి సచ్చింది పాపం. సూడు, దీనికి పానం వోస్త" అన్నారు.

ఆ వారమంతా ఆయన తంబుర కంటే శ్రద్ధగా దాని మీద కూర్చున్నారు. కమాను ఒక్కో తీగకు విడివిడిగా అందేలా వంపు చక్కగా తెచ్చారు. కానీ పైభాగం వెడల్పుగానే ఉంచి, ముందు వైపుకు వాలు ఇచ్చి, గాజుముక్కతో అద్దంలా గీకారు. తీగల ఎత్తు చివరి హద్దు దాకా దించేశారు. అంతకంటే కొంచెం దిగినా తీగలు, వేళ్ళతో నొక్కే కింది పలకకు కొట్టుకుంటాయి.

ఆయన ఇష్టంగా చేసిన పని అది. ఇష్టంగా చేసిన పనిలో పడే తప్పు పట్టుకోవడం అన్నిటికంటే కష్టం.

*జలుబు*

ఆదివారం రెండు రోజుల్లోకి వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం తీగలు ఎక్కించాం. బెంజమిన్ గారు బాస్‌ను నిలబెట్టి, భుజానికి ఆనించుకుని, కమాను లాగారు.

ఘుర్ర్ మని మోగింది. పెద్ద రేకు డబ్బాలో తేనెటీగలు పడ్డట్టు. సార్ ముఖం వెలిగిపోయింది.

"ఇన్నవా? గదీ జీవమంటె."

బెంజమిన్ గారు మరో తీగ లాగారు, మరోటి. కమాను దించేశారు.

"అన్నా, దీనికి జలుబు వట్టింది."

"ఏందీ?"

"గొంతు ముక్కులకెల్లి వస్తుంది. నాకు సాఫ్ గావాలె."

"సాఫ్ అంటె పీనుగ. పీనుగ గావాల్నా నీకు? జీవం వోసి ఇస్తె జలుబంటవ్."

"జర ఇనన్నా. మేం వాయించేది నేల లెక్క ఉండాలె. దాని మీద నిలవడి పిల్లలు పాడుతరు. నేలే వణుకుతుంటె ఆళ్ళు యాడ నిలవడ్తరు?"

"వణుకుడు గాదది. పలుకుడు."

"మీ తంబురకు పలుకుడు. నాకు పరేషాన్."

ఇద్దరూ అరవలేదు. అరిచి ఉంటే తేలికయ్యేది. సార్ గాజుముక్కను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టారు. "నేను పుట్టి బుద్దెరిగినకాడికెల్లి తీగలకు జీవం వోస్తున్న. తీసుడు నాతోని గాదు. ఇంకెవలితోనన్న తీయించుకో" అని, చెప్పులు వేసుకుని టీకి వెళ్ళిపోయారు.

ఇంకెవరున్నారు? బెంజమిన్ గారు స్టూలు మీద కూర్చున్నారు. నా వైపు చూడలేదు. జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు పైకెత్తి నంబరు వెతకడం మొదలుపెట్టారు.

"కమిటీకి చెప్పేస్త బేటా. ఆళ్ళు ఎదురుసూసుడెందుకు?"

"అంకుల్, ఆగండి" అన్నాను.

  తంబుర దారం కండె తీసి, ఒక ముక్క తెంపి, బాస్ లావు తీగ కింద దూర్చాను. తంబురకు దారం ఎక్కడ పెట్టకూడదని సార్ నన్ను తిట్టేవారో, సరిగ్గా అక్కడికి జరిపాను.

"ఇప్పుడు లాగండి."

ఆయన లాగారు. తేనెటీగలు పోయాయి. శుభ్రంగా, లావుగా, ఒకే గొంతు వచ్చింది. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. మిగతా తీగలకూ అలాగే పెట్టి చూశాం. ప్రతి తీగకూ ఆ పీనుగ చోటు దొరికింది. దాన్ని వెతకడం నాకు బాగా వచ్చు, సార్ దగ్గర నేర్చుకున్నదే కదా. దారం ఉన్నచోట పెన్సిలుతో గుర్తులు పెట్టి, గుర్తులన్నీ కలుపుతూ గీత గీశాను. ఆ గీత వెనుక ఉన్నది ఉండాలి. ముందున్న వాలంతా పోవాలి.

సార్ తిరిగి వచ్చారు. గీత చూశారు. దారాలు చూశారు. నేను నిలబడ్డాను. ఐదేళ్ళలో ఆయనతో నేను మొదలుపెట్టిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"సార్, నేను తీస్తాను."

 టైలర్ మిషన్ చప్పుడు వినబడుతోంది.

"తీగలు దించి తియ్యి" అన్నారు చివరికి. "ఎత్తు వోయిందంటె ఇంక చెక్క లేదు. యాదుంచుకో." అని స్టూలు జరుపుకుని, నాకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. "నేనైతె సూడ."

*చాకు*

గీతకు ముందున్న చెక్కను ఏటవాలుగా తీసేసి, పైన సన్నని అంచు మిగల్చాలి. అంచు దగ్గర చెక్క పీచు ఎటు నడుస్తోందో చూడకుండా చాకు పెడితే, పెచ్చు లేచి తీగ గాడితో సహా ఊడిపోతుంది. ఊడితే ఎత్తు పోయినట్టే. అందుకని ఘోడిని వైస్‌లో బిగించి, కింది నుంచి పైకి కాకుండా, అంచు వెంట అడ్డంగా, గోరు మందం కూడా లేని పొరలు తీయడం మొదలుపెట్టాను.

కొంతసేపటికి రోడ్డు వైపు నుంచి మాట వచ్చింది.

"చాకు మొద్దువడ్డది. పదును వెట్టు."

ఆయన తిరగలేదు. చప్పుడు విన్నారంతే. నేను లేచి పదును పెట్టుకుని వచ్చాను. బెంజమిన్ గారు ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నారు. మూడో తీగ దాటాక, లావు తీగ గాడి దగ్గర చిన్న టిక్ మంది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఏమాయె?"

"పెచ్చు సార్."

"ఊడిందా, లేశిందా?"

"లేచింది."

"దాన్ని గెలుకకు. అటు పక్కకెల్లి రా."

ఘోడిని తిప్పి బిగించి, అవతలి నుంచి వచ్చాను. లేచిన పెచ్చు దాకా వచ్చేసరికి అది పొరలో కలిసి దానంతటదే వెళ్ళిపోయింది. గాడి మిగిలింది. ఆపాక చూసుకుంటే జాకెట్టు వీపున తడిసి ఉంది, చలికాలంలో.

 

శనివారం పొద్దున్న అంచు నున్న చేసి, గాడుల్లో పెన్సిలు పొడి రుద్ది, తీగలు ఎక్కించాం. తీగ బిగించిన ప్రతిసారీ ఘోడి తల ముందుకు లాగబడుతుంది, వెంటనే రెండు చేతులతో పట్టుకుని నిటారుగా సర్దాలి. పాతది విరిగింది అందుకే, ఎవరూ సర్దలేదు. ఇది బెంజమిన్ గారికి చూపించాను, రెండుసార్లు చేయించాను. ఎంత గొప్ప ఘోడి చేసినా, ఈ ముక్క చెప్పకుండా వాయిద్యాన్ని పంపితే పని సగమే చేసినట్టు.

ఆయన కమాను లాగారు. ఆ గొంతు చెవికంటే ముందు అరికాళ్ళకు తెలిసింది. గోడ మీది తంబురలు తమంతట తాము సన్నగా మోగాయి.

బెంజమిన్ గారు సార్ వైపు తిరిగారు. "ఎట్లుందన్నా?"

సార్ వేరే తంబుర మీద వంగి ఉన్నారు. "నాకేం ఇనవడలే. ఊకె నేల కదిలింది."

"గదే గావాలె" అన్నారు బెంజమిన్ గారు.

*ఆదివారం*

బెంజమిన్ గారు చర్చికి నన్ను రమ్మన్నారు. సార్‌ను ఎవరూ పిలవలేదు, ఆయన మీద కోపంతో కాదు, రారని. నేను వెళ్ళేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "ఊరికి పోవాలె, సాయంత్రం బస్సు. అప్పటిదాంక ఏం జెయ్యాలె?" అన్నారు. అందరూ చెప్పులతోనే లోపలికి పోతుంటే, తనవి బయట విడిచి, వెనుక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేనూ ఆయన పక్కనే నిలబడ్డాను.

పిల్లలు పాడారు. పెద్దవాళ్ళు కలిశారు. కీబోర్డు వాయించే అతను మొదటి పాటలో ఎడమ చేత్తో కింది మెట్లు నొక్కుతూనే ఉన్నాడు. రెండో పాటలో ఆ చెయ్యి ఆపేశాడు. వెనుక బెంజమిన్ గారు, తన కంటే పొడవైన ఆ వాయిద్యాన్ని పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వాయిస్తున్నారు. ఆయన అన్నట్టే, పాటలో అది విడిగా వినబడలేదు. ఒక పాటకు ముందు ఆయన తీగ సర్దుకుంటూ కాసేపు ఆగారు. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు.

అయిపోయాక కమిటీ పెద్దాయన వచ్చి, "కొత్త సంవత్సరం పాటలకు శనివారం ప్రాక్టీసుంది బెంజమిన్ అన్నా, లేటు జెయ్యకు" అన్నాడు. అంతే. బెంజమిన్ గారు సరేనని తల ఊపి, బాస్‌కు దుప్పటి కప్పారు. దాని తర్వాత కూడా ఆయన వాయిస్తూనే ఉన్నారు. ఘోడి తల సర్దుతూనే ఉన్నానని చెప్పడానికే నాకు ఫోన్ చేసేవారు.

సారూ నేనూ నారాయణగూడ నుంచి నడుచుకుంటూ వచ్చాం.  సాయంత్రం ఆయన పాలమూరు బస్సు ఎక్కేదాకా నేను వెంట ఉన్నాను. ఊళ్ళో ఆయనకు పక్షవాతం వచ్చింది, కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. సంక్రాంతి దాటాక వెళ్ళి చూశాను. మంచం మీద నా వేళ్ళు పట్టుకుని, గోళ్ళ సందుల్లో మురికి ఉందో లేదో చూశారు. పెదాలు కదిపారు, మాట రాలేదు. 2014 ఎండలు ముదరకముందే చిక్కడపల్లిలో ఓనరు మా దుకాణం ఉన్న వరసంతా అపార్టుమెంటుకు ఇచ్చేశాడు. దుకాణంలో రెండు తంబురలు సగంలో ఉండిపోయాయి. సార్ కొడుకు వచ్చి, పైభాగం గీకడమే కదా మిగిలింది, నువ్వు గీకి ఇచ్చెయ్యరాదా చెల్లె అన్నాడు. నేను గీకనని చెప్పి, రెండూ పాతబస్తీలో ఇంకొక ఉస్తాద్‌కు పంపించాను. సార్ కొడుక్కి కారణం చెప్పలేదు.

ఆ ఆదివారం బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, సార్ వెనక్కి తిరిగి నాతో అన్నారు.

"తీసిందే మంచిగైంది బిడ్డా. గని నా తంబురలకు మాత్రం చెయ్యి వెట్టకు."